వెనకాల నా చేతిలో ఏముంది?

మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి ఫోన్లో మాట్లాడుతుంటే చూసి నా ప్రాణం ఉసూరుమంది. ఎడమ చెవికీ ఎడమ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని, రెండు చేతులతో కంప్యూటరు మీద టకటకా కొట్టేస్తోంది. తల పూర్తిగా ఒకవైపు వాలిపోయింది. ఆ ఫోను అయ్యేదాకా ఆగి, చప్పుడు కాకుండా వెళ్ళి ఆమె వెనకాల నిలబడ్డాను. బల్ల మీది స్టేప్లర్ తీసి పైకెత్తి పట్టుకున్నాను.

"ఏమ్మా, భుజాలు కదపకుండా తల మాత్రం కుడివైపు తిప్పి చెప్పు. వెనకాల నా చేతిలో ఏముంది?"

పాపం తిప్పబోయింది. సగంలోనే "అబ్బా" అని ఆగిపోయింది. అయినా ఊరుకోలేదు. "కొటేషన్ కాయితమా అక్కా?" అంది.

నేను పడీపడీ నవ్వాను. సెక్షన్లో అందరూ నావైపు చూశారు. ఎట్లా చెప్పేది వాళ్ళకి? ఆ ప్రశ్న నాది కాదు. మూడు భాషలు కలిసే మా హోసూరులో రాయకోట రోడ్డు మీద, టైర్ల షాపు పైన, ఒక డాక్టరమ్మ ఉండేది. మందులూ కోతలూ లేకుండా చేతులతోనే వెన్నుపూసల్నీ కీళ్ళనీ సరిచేసే వైద్యం ఆవిడది. బోర్డు మీద కైరోప్రాక్టర్ అని రాసుంటే, కింది షాపువాళ్ళకి నోరు తిరక్క 'మెడ డాక్టరమ్మ' అనేవాళ్ళు. ఊరికంతా అదే పేరు ఖాయమైపోయింది.

మనిషి పొడుగు, చేతులు ఇంకా పొడుగు. చీర కొంగు నడుముకి బిగించి, కాళ్ళకి పరుగుపందెం బూట్లు వేసుకునేది. నెమ్మదిగా మాట్లాడటం ఆవిడకి చేతకాదు. సంతోషం వస్తే పక్కనున్న బల్లను అరచేత్తో ఫట్టున కొట్టేది, ఆ బల్ల మీద బోర్లా పడుకున్నది మనమే అయినా సరే. ముఖం పెట్టుకోవడానికి రంధ్రం ఉండే బల్ల అది. దాని మీద పడుకుని ఆ దెబ్బకి ఉలిక్కిపడని మనిషి హోసూరులో లేడనుకుంటాను.

వైద్యానికి ఎవరూ రానప్పుడు మెట్ల మీద నిలబడి రోడ్డున పోయేవాళ్ళ నడక చూసేది. చూసి ఊరుకుంటే బాగుండేది. "ఓయప్పా, నీలం చొక్కా! వెనక జేబులోంచి ఆ పర్సు తియ్యి! దాని మీద కూర్చోని కూర్చోని నడుము యాడికో పోయింది చూడు!" అని పైనుంచి కేక వేసేది. తెలుగుకి తిరిగి చూడకపోతే తమిళంలో, అప్పటికీ తిరక్కపోతే కన్నడంలో. ఆ నీలం చొక్కాయన దొంగలు పడ్డారేమోనని పర్సు గట్టిగా పట్టుకుని నాలుగు దిక్కులూ చూసేవాడు. కింద టైర్ల షాపువాళ్ళకి అదొక రోజువారీ వినోదం.

తన గురించి చెప్పుకునేది కాదు. ఆవిడ నాన్న బర్గూరు దగ్గర గ్రానైటు క్వారీలో పనిచేసేవాడని మాత్రం మాటల్లో తెలిసింది. "మా నాయన ఉలి పెట్టేముందు రాయిని తట్టి వినేవాడు. నేను మనుషుల్ని తడతా ఉండా. రాయే మేలమ్మా, ఫోన్లో మాట్లాడతా రాదు" అనేది.

ఫోనంటే ఆవిడకి అంత మంట. తన ఫోను ఒక స్టీలు గ్లాసులో పెట్టి, స్పీకరు పెట్టి, గదికి ఆ చివర నిలబడి దానితో మాట్లాడేది. మాట్లాడేది అనకూడదు, అరిచేది.

ఇక నా సంగతి. నాది ఒక ఫ్యాక్టరీలో పర్చేజ్ పని. బోల్టులూ బేరింగులూ అట్టపెట్టెలూ ఎవరు ఎప్పుడు పంపుతారని పొద్దస్తమానం ఫోన్లో పీక్కుతినడమే ఉద్యోగం. ఒక ఫోను తమిళంలో, తర్వాతది కన్నడంలో, ఉత్తరాది నుంచి వస్తే హిందీలో. నోరు ఏ భాష మాట్లాడినా చేతులు మాత్రం ఇంగ్లీషులో కొడుతూనే ఉండాలి. అందుకని ఫోను భుజం పాలయింది. మా సెక్షన్లో అందరం అంతే. ఫోను జారకుండా మూడు భాషలు మాట్లాడగలిగినవాళ్ళే గట్టి పనివాళ్ళని మా లెక్క. కొత్తవాళ్ళకి దగ్గరుండి నేర్పించేవాళ్ళం కూడా. నేనైతే సాయంత్రం స్కూటరు మీద బాగలూరు పోతూ హెల్మెట్లోకి ఫోను దూర్చి అదే పని. మెడ పట్టేసినప్పుడు కాస్త నూనె రాసుకుని మళ్ళీ అదే భుజానికి ఫోను అప్పగించేదాన్ని.

ఒక సాయంత్రం, ఇంకాస్త దూరంలో ఇల్లు అనగా, కుడివైపు మా వీధిలోకి తిరగబోయాను. అద్దంలో రోడ్డు ఖాళీగా ఉంది. తల తిప్పి ఒకసారి చూసుకుందామంటే మెడ రాలేదు. బిగదీసి కట్టేసినట్టు అక్కడే ఆగిపోయింది. అద్దానికి అందని మూలనుంచి గులాబీల లోడు ఆటో ఒకటి దూసుకొచ్చింది. నన్ను తప్పించబోయి అది, దాన్ని తప్పించబోయి నేను. చివరికి బండి కాలవలో, నేను క్యాబేజీ తోటలో, నా మీద గులాబీలు. ఆటో ఆయన పరిగెత్తుకొచ్చి నన్ను లేపి, తర్వాత పూలు ఏరుకున్నాడు. దెబ్బలు పెద్దగా తగల్లేదు.

దెబ్బ ఇంటికొచ్చాక తగిలింది. మా ఆయన బండి తాళం తన జేబులో వేసుకున్నాడు.

"మెడ తిరగనిదానికి బండెందుకు నీకు? ఉగాది దాకా చూస్తా. అప్పటికీ ఇట్లే ఉంటే బండి మా తమ్మునికిచ్చేస్తా. పని మానేసి ఇంట్లో ఉందువు" అన్నాడు.

కోపంతో అన్నాడో భయంతో అన్నాడో ఇప్పటికీ తెలియదు. రెండూ అయ్యుంటాయి. బస్సులో పోవచ్చు కదా అంటారేమో, మా బస్సులకీ మా పాప బడి వేళలకీ ఎప్పుడూ కుదరదు. పాపని దింపి ఆఫీసుకి, ఆఫీసు నుంచి మళ్ళీ పాప దగ్గరికి పరిగెత్తాలంటే ఆ బండి ఉండాలి. బండి పోతే ఉద్యోగం పోయినట్టే. పలమనేరు నుంచి పెళ్ళి చేసుకుని వచ్చిన నాకు ఈ ఊళ్ళో నాదంటూ ఉన్నది ఆ ఉద్యోగం ఒక్కటే. నలుగురు నన్ను పేరు పెట్టి పిలిచేది అక్కడే. దాన్ని ఒక మెడ కోసం పోగొట్టుకోవడమా అని నాకు ఏడుపొచ్చింది.

మర్నాడే మెడ డాక్టరమ్మ మెట్లెక్కాను.

"డాక్టరమ్మా, ఒక్కసారి టక్కుమనిపించండి చాలు" అన్నాను. మా వైపు సెలూన్లలో క్షవరం అయ్యాక మగవాళ్ళ తల పట్టుకుని అటొకసారి ఇటొకసారి విరుస్తారు. టక్కుమంటే పని అయినట్టు, అనకపోతే ఇంకోసారి. వైద్యమంటే ఆ శబ్దమేనని మా ఆఫీసంతటికీ గట్టి నమ్మకం.

"శబ్దం కావాలంటే దీపావళికి రామ్మా" అంది ఆవిడ.

వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా అని అడిగింది. ఎక్కుతున్నాయన్నాను. చిన్న సుత్తితో మోచేతి మీద తట్టింది. ఎక్స్‌రే తీయించుకొచ్చేదాకా మెడ విరిచే ముచ్చట ఎత్తొద్దంది. తర్వాత నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకోమని, తను వెనక్కి వెళ్ళి నిలబడింది.

"మోకాళ్ళు కదలకూడదు. భుజాలు కదలకూడదు. కుడివైపు తల తిప్పి చెప్పు. వెనకాల నా చేతిలో ఏముంది?"

తిప్పాను. గోడ మీద మామిడిపళ్ళ క్యాలెండరు దాకా వచ్చి మెడ ఆగిపోయింది. కానీ నేను పర్చేజ్ మనిషిని. తెలియదు అనే మాట మా నోట రాదు. సరుకు ఎక్కడుందో మాకే తెలియకపోయినా దారిలో ఉందనడమే మాకు అలవాటు.

"పెన్ను" అన్నాను.

"కాదు."

"దువ్వెన?"

"కాదు."

"కత్తెర? గరిటె? మందు సీసా?"

వెనకాల బల్ల ఫట్టుమంది. ఆవిడ నవ్వుతోంది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి నీళ్ళు తాగింది. "మరేమిటి డాక్టరమ్మా?" అంటే, "నేను చెప్పను. మెడ బాగు కానీ, నువ్వే చూసి చెప్తువు. ముందు నీ కుర్చీ చూడాల నేను. రేపు మీ ఆఫీసుకి వస్తా" అంది.

అన్నట్టే వచ్చింది. మా గేటు దగ్గర లోపలికి వచ్చేవాళ్ళందరినీ సరుకు తెచ్చినవాళ్ళ కిందే లెక్కగడతారు. సెక్యూరిటీ ఆయన అలవాటుగా ఏం మెటీరియల్ తెచ్చారని అడిగాడట. "రెండు చేతులు తెచ్చినానప్పా, రాసుకో. పోయేటప్పుడు రెండూ తీసుకోనే పోతా" అందట. ఆయన నిజంగానే రాసుకున్నాడు.

ఆవిడ మా సెక్షన్లో అడుగుపెట్టే సమయానికి టీ వేళ. మా స్టోర్స్‌లో ఒక అన్న ఉండేవాడు. సెలూన్లో చూసి చూసి మెడ విరవడం నేర్చుకుని, టీ తాగేటప్పుడు అందరికీ ఉచితంగా విరిచేవాడు. "ఆ డాక్టరు చెయ్యకపోతే నేను లేనామ్మా?" అని నా గడ్డం ఒక చేత్తో, తల ఒక చేత్తో పట్టుకున్నాడు. నేనూ కళ్ళు మూసుకుని టక్కు కోసం ఎదురు చూస్తున్నాను.

"వదలప్పా!"

ఆ కేకకి అన్న చేతులు వాటంతట అవే వదిలేశాయి. ఎవరి టీయో ఒలికిపోయింది.

"అది తలకాయ! బోల్టు కాదు తిప్పేదానికి! మెదడుకి రక్తం పొయ్యే నాళాలు ఆ మెడలోంచే పోతాయి. ఈయమ్మకి ఇప్పటికే వేళ్ళు తిమ్మిరి. లోపల యాడ ఏం నలిగిందో చూడకుండా నువ్వు విరిస్తే చెయ్యి పడిపోవచ్చు, మనిషే పడిపోవచ్చు. తెలుసునా నీకు?"

అన్న ముఖంలో నెత్తుటిచుక్క లేదు. ఎందరి మెడలు విరిచాడో అన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి. ఆవిడకే జాలేసి, "రాప్పా, ముందు నీది చూస్తా" అని ఆయన్ని కూర్చోబెట్టింది. ఆయన మెడ నాకంటే అధ్వానం.

తర్వాత నా పక్కన ఒక స్టూలు లాక్కుని, "నేను లేననుకోని నీ పని చేసుకో" అంది. ఫోను మోగింది. నా భుజం దానంతట అదే లేచింది, తల దానంతట అదే వాలింది. ఒక కాలు కుర్చీ కిందికి మడిచాను. హుబ్బళ్ళి ఆయనతో బేరింగుల గురించి గొడవ మొదలుపెట్టానో లేదో,

"దొరికింది! దొరికిందమ్మా!" అని ఆవిడ ఎగిరి గంతేసింది. పోయిన గొలుసు దొరికినదానిలా నా భుజం పట్టుకుని ఊపేసింది. హుబ్బళ్ళి ఆయన ఫోన్లో ఏం దొరికిందని అడుగుతున్నాడు.

"మెడ ఇచ్చింది తిరిగేదానికి. ఫోను పెట్టుకునే అలమారా కాదది" అని, ఆ రోజు మా సెక్షన్‌కంతా ఒక చట్టం చేసి పోయింది. ఫోను మోగితే లేచి నిలబడాలి. చేత్తోనే పట్టుకోవాలి, లేదా చెవిలో ఇయర్‌ఫోను తీగ పెట్టుకోవాలి. మాట అయ్యాకే కూర్చోవాలి, కూర్చున్నాకే కంప్యూటరు. నీళ్ళ సీసా బల్ల మీద ఉండకూడదు, దాహమైతే లేచి పోవాలి.

కొన్నాళ్ళకి మా పెద్ద యజమాని సెక్షన్లోకి వస్తున్న సమయానికే వరసగా ఫోన్లు మోగాయి. అందరం ఒక్కసారి లేచి నిలబడ్డాం. ఆయన మురిసిపోయి, "కూర్చోండి, కూర్చోండి" అంటూ చేతులు ఊపుతూ వెళ్ళిపోయాడు. నిజం ఇప్పటికీ ఎవరూ ఆయనకి చెప్పలేదు.

ఎక్స్‌రేలో భయపడాల్సిందేమీ లేదని తేలాక నా వైద్యం మొదలైంది. మెడని ఆవిడ విరవలేదు. ఒక్కొక్క పూసనీ వేలితో వెతికి పట్టుకుని, కొంచెం కొంచెంగా కదిపేది. వీపు మీద మాత్రం రెండు రెక్కల మధ్య అరచేయి ఆనించి ఒక్క నొక్కు నొక్కితే టక్కుమనేది. "ఇదో నీ శబ్దం, తీసుకో. లోపల గాలిబుడగ పగిలింది, అంతే. దీన్ని చూసి మురిసిపోవద్దు. తల తిరిగినప్పుడు మురుద్దువు" అనేది. ఇంట్లో చెయ్యమని కసరత్తులు చెప్పేది. చేశానని చెబితే నమ్మేది కాదు, చేసి చూపించమనేది.

వెళ్ళిన ప్రతిసారీ చివర్లో స్టూలు పరీక్ష. వెనకాల ఏం పట్టుకుంటుందో ఆ దేవుడికే ఎరుక. ఒకనాడు చెప్పు, ఒకనాడు చింతకాయ, ఒకనాడు కింది షాపు నుంచి తెచ్చిన స్పానరు. నేను మొట్టమొదట చూడగలిగింది ముల్లంగి. ముల్లంగి కూడా కాదు, దాని ఆకు కొస. "ముల్లంగి ఆకు!" అని నేను అరిచిన అరుపుకీ, ఆవిడ బల్ల మీద కొట్టిన దెబ్బకీ, కింద టైర్ల షాపువాళ్ళు ఏమైందోనని పైకి వచ్చేశారు. ఆ ముల్లంగి నాకే ఇచ్చేసింది. సాంబారులో వేశాను. అంత రుచి సాంబారు మళ్ళీ కుదరలేదు.

అక్కడిదాకా వచ్చి మెడ మొరాయించింది. ఆకు కొస తప్ప ముల్లంగి కనబడదు. రోజులు గడుస్తున్నాయి. బాగలూరు దారిలో వేపచెట్లు చిగురు వేస్తున్నాయంటే నాకు గుండె దడ, ఉగాది వచ్చేస్తోందని. ఒకరోజు స్టూలు మీద కూర్చునే ఏడ్చేశాను. బండి సంగతీ, మా ఆయన మాటా, అంతా చెప్పేశాను.

ఆవిడ ముందుకొచ్చి నన్ను తేరిపార చూసింది. "ఏడ్చేటప్పుడు గూడా తల ఎడమకే వాల్చినావు. నిటారుగా ఏడువమ్మా!" అంది. ఏడుపులోనే నవ్వొచ్చింది. "ఉగాదికి ముందు మీ ఆయన్ని పిల్చుకోని రా. తాళం గూడా తెమ్మను" అంది.

తెచ్చాను. ఆయన చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "నువ్వు కూర్చోప్పా ముందు" అంది డాక్టరమ్మ. నాకేం రోగమని ఆయన. "కూర్చుంటే తెలుస్తాది" అని ఆవిడ. కూర్చున్నాడు. వెనకాల ఆవిడ తన బూటు విప్పి పట్టుకుంది. ఆయన బలంగా తల తిప్పి, "టార్చిలైటు" అన్నాడు. ఫ్యాక్టరీలో రోజంతా ఒక స్క్రీను ముందు మెడ చాపి కూర్చునే మనిషి మరి. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆ తర్వాత నేను కూర్చున్నాను. కళ్ళు మూసుకోమంది. ఇద్దరూ ఏదో గుసగుసలాడారు. "ఇంక తిప్పు" అంది.

తిప్పాను. క్యాలెండరు వచ్చింది. క్యాలెండరు దాటింది. కిటికీ వచ్చింది. కిటికీ ఊచలు, ఆవిడ మోచెయ్యి. అక్కడ మెడ కాస్త మూలిగింది. గాలి వదిలి, భుజం దించి, ఇంకాస్త తిప్పాను. పొడుగాటి వేళ్ళు వచ్చాయి. ఆ వేళ్ళ మధ్య పసుపుపచ్చగా ఏదో ఊగుతోంది. కృష్ణగిరి మామిడిపళ్ళ ప్రదర్శనలో మా పాప పట్టుబట్టి కొనిపించిన ప్లాస్టిక్ మామిడిపండు. దానికి వేలాడుతూ తాళం.

"నా బండి తాళం!"

బల్ల ఫట్టుమంది. కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. డాక్టరమ్మ నన్ను స్టూలు మీద నుంచి అమాంతం లేపి వాటేసుకుంది. మా ఆయన మాత్రం, "ఇంకొకసారి తిప్పమనండి" అన్నాడు. తిప్పాను. "ఇంకొకసారి." తిప్పాను. నాలుగోసారి అడగబోతుంటే ఆవిడే, "తాళం ఇచ్చేసినావు కదప్పా, ఇంక నీ మెడ సంగతి చూద్దాం రా" అంది. ఆ పూట ఆయన బోర్లా పడుకున్నాడు, నేను కుర్చీలో కూర్చుని మామిడిపండు ఊపుకుంటూ చూశాను. ఇంటికి నేనే బండి తోలాను. వెనకాల కూర్చున్నాయన దారిపొడుగునా, "చూసి పో, చూసి పో" అంటూనే ఉన్నాడు. నేను చూస్తూనే పోయాను, అవసరం లేకపోయినా తల తిప్పి మరీ.

ఆ తర్వాత కూడా వెళ్తుండేదాన్ని, మొదటిరోజు చేతిలో ఏముందో చెప్పమని సతాయించడానికి. చెప్పేది కాదు.

ఒకసారి వెళ్ళేసరికి బోర్డు దించుతున్నారు. అన్నేళ్ళు అందరి వీపులూ నొక్కీ నొక్కీ ఆవిడ బొటనవేళ్ళ కీళ్ళు అరిగిపోయాయి. ఆవిడ మాత్రం పెళ్ళికి పోతున్నంత హడావుడిగా ఉంది. "కోయంబత్తూరులో పిల్లలకి పాఠాలు చెప్తానమ్మా! ఈ రెండు చేతులు పోతే ఏం, అన్ని చేతులు తయారు చేస్తా!" అంది.

సామాన్లకి వచ్చిన టెంపో ఆయన హోసూరుకి కొత్త. పెద్ద రోడ్డంతా జామ్. నేను ముందు స్కూటరు మీద సందుల్లోంచి దారి చూపిస్తూ, వెనకాల టెంపో. ముందు సీట్లో ఆవిడ, వెనక తాళ్ళతో కట్టిన ఆ రంధ్రం బల్ల. కృష్ణగిరి రోడ్డు ఎక్కాక నేను ఎడమ పక్కకి తీసి ఆపాను. అక్కడినుంచి వాళ్ళకి తిన్నని దారి. ఏడవకూడదని ముందుకే చూస్తూ కూర్చున్నాను.

వెనకాల నుంచి లారీల మోతని కూడా మించిన గొంతు వినబడింది.

"ఏమ్మా! నా చేతిలో ఏముంది?"

కాళ్ళు నేలకి ఆనించి, భుజాలు కదపకుండా, కుడివైపు తల తిప్పాను. నెమ్మదిగా వస్తున్న టెంపో కిటికీలోంచి ఆ పొడుగాటి చెయ్యి మొత్తం బయటికి చాపి ఉంది. అయిదు వేళ్ళూ విప్పి ఉన్నాయి.

"ఏమీ లేదు డాక్టరమ్మా! ఉత్త చెయ్యి!"

"మొదటి పొద్దు గూడా ఇదేనమ్మా! నువ్వే గరిటె అన్నావు, కత్తెర అన్నావు!"

టెంపో తలుపు మీద ఆ అరచెయ్యి ఫట్టుమంది. ఆవిడ నవ్వు నన్ను దాటుకుంటూ పోయింది. నేనూ నవ్వుతున్నాను, కళ్ళనీళ్ళు హెల్మెట్లో కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి లేదు. ఆ చెయ్యి లోపలికి పోకుండా ఊగుతూ ఊగుతూ లారీల మధ్య చిన్నదైపోయింది.

తర్వాత కుడివైపు తల తిప్పి, వెనక రోడ్డంతా ఒకసారి చూసుకుని, బండి మళ్ళించాను. మా పాప బడి వదిలే వేళయింది.